యుద్ధ గాయానికి తొందరపడి కుట్లు వేయొద్దు

తూటా దిగిన కాలో, మందుపాతర మీద పడ్డ కాలో ఆపరేషన్ బల్ల మీదికి వచ్చినప్పుడు సర్జన్‌కి అన్నిటికంటే కష్టమైన పని, గాయాన్ని కుట్టకుండా వార్డుకి పంపడం. చచ్చిన కండంతా తీసేసి శుభ్రంగా కడిగాక, నెత్తురు ఊరుతున్న ఎర్రటి గాయం ఎదురుగా ఉంటుంది. లాగితే అంచులు కలుస్తాయి కూడా. రోడ్డు ప్రమాదాల కేసులు వందల్లో చూసిన చేతికి, ఇక నాలుగు కుట్లు వేసేస్తే పని అయిపోతుంది కదా అనిపించడం సహజం. వరండాలో ఎదురుచూసేవాళ్ళకి కూడా నోరు తెరుచుకున్న గాయం కంటే వరసగా కుట్లు పడ్డ గాయమే వైద్యం జరిగినట్టు కనిపిస్తుంది. బతికి బయటపడాల్సిన కాలు చాలాసార్లు ఆ కుట్ల దగ్గరే చేజారుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. యుద్ధ గాయానికి మొదటి ఆపరేషన్‌లో చేయాల్సినవి నాలుగే పనులు: రక్తం ఆపడం, చచ్చిన కండ తీసేయడం, పాదానికి రక్తం చేరేలా చూడటం, ఎముక కదలకుండా పట్టి ఉంచడం. చర్మం కుట్టడం, తెగిన నరాలు కలపడం, స్నాయువులు అతకడం, లోపల ప్లేటు వేయడం ఆ రోజు పనులు కావు. ఇది కొత్త సంగతేం కాదు, వందేళ్ళ నాటి పాఠం. అయినా ప్రతి యుద్ధం మొదట్లోనూ ఎవరో ఒకరు దీన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటూనే ఉన్నారు, ఆ నేర్చుకోవడానికి మూల్యం సైనికుల కాళ్ళు.

1914లో ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లోకి వచ్చిన బ్రిటిష్ సర్జన్ల అనుభవం దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలోది. అక్కడ పొడి నేల, దూరం నుంచి వచ్చిన చిన్న రైఫిల్ తూటాలు. చాలా గాయాలు కట్టు కట్టి వదిలేస్తే మానేవి. ఫ్లాండర్స్‌లో నేల తరతరాలుగా పశువుల ఎరువు వేసిన పొలం. గాయం చేసేది ఫిరంగి గుండు ముక్క, దానితోపాటు తడి బురద, యూనిఫాం పీలికలు. పైపైన కడిగి కుట్టేసిన గాయాల్లో కండని కుళ్ళబెట్టే గ్యాస్ గ్యాంగ్రీన్ వచ్చింది. ఈ జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవికి గాలి తగలని చోటు కావాలి, తినడానికి చచ్చిన కండ కావాలి. కుట్టేసిన గాయం ఆ రెండూ అమర్చి పెడుతుంది. బెల్జియన్ సర్జన్ ఆంత్వాన్ దపాజ్ లాంటివాళ్ళు చచ్చిన కండ కోసేసి గాయాన్ని తెరిచి ఉంచాలని పట్టుబట్టారు. 1917 నాటికి మిత్రరాజ్యాల సర్జన్లు ఆ దారికి వచ్చారు. తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధంలో సర్జన్ జోసెప్ ట్రుయేటా గాయాన్ని కోసి శుభ్రం చేసి, కుట్టకుండా, పైన సిమెంటు కట్టు వేసి వారాల తరబడి విప్పకుండా ఉంచాడు. వార్డు భరించలేనంత కంపు కొట్టేది. అలా చూసిన 1,073 కేసుల్లో చనిపోయింది ఆరుగురు. అప్పటికి పెన్సిలిన్ వాడకంలోకి రాలేదన్నది గుర్తుంచుకోవాలి. ఇవాళ యాంటీబయాటిక్ ఉంది కదా, కుట్టేసినా పరవాలేదు అనేవాళ్ళు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. చచ్చిన కండకి రక్తం అందదు. రక్తం అందని చోటికి యాంటీబయాటిక్ కూడా అందదు.

అసలు ఈ గాయం రోడ్డు మీది గాయానికి ఎందుకు భిన్నం? తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటా శక్తి సుమారు 500 జౌళ్ళు. ఏకే-47 తూటా బరువు ఎనిమిది గ్రాములకి కాస్త తక్కువ, తుపాకీ వదిలేటప్పుడు వేగం సెకనుకి 700 మీటర్ల పైన, శక్తి సుమారు 2,000 జౌళ్ళు. అది కండలో నిటారుగా పోయినంతసేపూ పెద్ద నష్టం ఉండదు. పక్కకి తిరిగినా, ఎముకకి తగిలినా ఆ శక్తి ఒక్కసారిగా చుట్టూ వదులుతుంది. కండ బెలూన్‌లా ఉబ్బి మళ్ళీ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ గుడ్డ పీలికల్నీ మట్టినీ లోపలికి లాక్కుంటుంది. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి పైన చిన్న రంధ్రమే కనబడుతుంది. లోపల ఎంత పాడయిందో ఆ రంధ్రం చూసి చెప్పలేం.

మందుపాతర సంగతి ఇంకా మోసం. పాదం కింద పేలిన పాతర నుంచి వచ్చే వాయువు, మట్టి, బూటు ముక్కలు, మడమ ఎముక ముక్కలు కండరాల పొరల మధ్య సందుల వెంట పైకి దూసుకుపోతాయి. ఆ ఊపుకి చర్మం, పిక్క పైకండ గొడుగులా పైకి విచ్చుకుని, పేలుడు అయిపోగానే మళ్ళీ కిందికి వచ్చి ఎముక మీద సర్దుకుంటాయి. పైకి చూస్తే మడమ దగ్గర తెగినట్టుంటుంది, మట్టి మాత్రం మోకాలి దాకా ఎక్కి ఉండొచ్చు. చర్మం ఎక్కడ బాగుందో చూసి అక్కడ కోసే సర్జన్ కోత ఎప్పుడూ కిందే పడుతుంది. పాతర పరిమాణాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. 29 గ్రాముల పేలుడు పదార్థం ఉన్న ఎం-14 సాధారణంగా పాదాన్ని, ఒక్కోసారి పాదంలో కొంత భాగాన్నే తీసుకుపోతుంది. 240 గ్రాముల టీఎన్‌టీ ఉన్న పీఎంఎన్ కాలిని మోకాలి కింద ఎగరగొట్టడమే కాక రెండో కాలినీ, తొడల మధ్య భాగాన్నీ చీలుస్తుంది. కిలోల లెక్కన పాతిపెట్టే ఐఈడీకి ఇక హద్దు లేదు.

కోతకి ముందు టోర్నికెట్ గురించి చెప్పాలి, అంటే రక్తం ఆపడానికి కాలి చుట్టూ, చేతి చుట్టూ బిగించే పట్టీ గురించి. ఎందుకంటే ఈ పదేళ్ళలో ఎక్కువ మారింది ఇక్కడే.

వియత్నాం యుద్ధంలో కాలి, చేతి గాయం నుంచి రక్తం పోవడం తప్ప వేరే ప్రాణాంతక గాయం లేని అమెరికన్ సైనికులు సుమారు 2,500 మంది చనిపోయారని అంచనా. అందుకే ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో ప్రతి సైనికుడి జేబులోకీ టోర్నికెట్ వచ్చింది. 3.8 సెంటీమీటర్ల పట్టీ, మెలితిప్పడానికి ఒక పుల్ల, ఆ పుల్లని ఆపడానికి ఒక కొక్కెం. అంతే పరికరం. బాగ్దాద్‌లోని అమెరికన్ సైనిక ఆసుపత్రి లెక్కల్లో షాక్‌లోకి (రక్తం పోయి రక్తపోటు పడిపోయే స్థితి) జారకముందే టోర్నికెట్ పడ్డవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. జారాక పడ్డవాళ్ళలో పదికి ఒకరు. టోర్నికెట్ వల్లే కాలు పోయిందని చెప్పదగ్గ కేసు అక్కడ కనబడలేదు. దాంతో 'టోర్నికెట్ వేస్తే కాలు పోతుంది' అన్న పాత భయం తప్పని ప్రపంచమంతా నమ్మింది.

ఆ లెక్క వెనుక ఒక హెలికాప్టర్ ఉంది. గాయపడ్డ గంటా రెండు గంటల్లో సర్జన్ ముందుకి చేరిన కాళ్ళ లెక్క అది. ఉక్రెయిన్‌లో పైన డ్రోన్లు తిరుగుతుంటే పగలు ఎవరినీ బయటికి తీసే వీలు లేదు. ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ టోర్నికెట్ బిగించి ఉన్న కాళ్ళు ఆసుపత్రికి వస్తున్నాయి. వాటిలో కొన్నిటికి అసలు టోర్నికెట్ అవసరమే లేదు, గట్టిగా అదిమి కట్టు కడితే ఆగే సిర రక్తం అది. పరికరం అదే, చేరే వ్యవధి మారేసరికి ఫలితం తలకిందులైంది.

రక్తం అందని కండరం రెండు గంటల దాకా పెద్దగా నష్టపోదు. నాలుగు గంటల తర్వాత నష్టం పెరుగుతుంది, ఆరు దాటాక చాలాభాగం తిరిగి రాదు. అందుకే ఇవాళ యుద్ధరంగ వైద్యులకి టోర్నికెట్ వేయడం ఎంత ముఖ్యంగా నేర్పుతారో, దాన్ని మార్చడమూ అంత ముఖ్యంగా నేర్పాలి. కాల్పుల మధ్య అయితే గాయం ఎక్కడుందో చూడకుండా బట్టల మీదే కాలి మొదట్లో బిగిస్తారు. చాటుకి చేరాక బట్ట కోసి గాయం చూసి, దానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన నేరుగా చర్మం మీద రెండోది వేస్తారు, కీలు మీద మాత్రం కాదు. సమయం రాస్తారు. రెండు గంటల్లోపు ఒకసారి ఆగి మార్చగలమా అని చూడాలి. గాయం లోపల, రక్తం కారుతున్న చోటు మీదే, రక్తం గడ్డకట్టించే మందున్న గాజుగుడ్డ కూరి, మూడు నిమిషాలు బరువంతా వేసి అదిమి, పైన గట్టి కట్టు వేసి, అప్పుడు టోర్నికెట్ మెల్లగా వదులు చేయాలి. తీసేయకూడదు, వదులు చేసి అక్కడే ఉంచాలి. మళ్ళీ రక్తం వస్తే బిగించాలి. మనిషి షాక్‌లో ఉన్నా, కాలు పూర్తిగా తెగిపోయి ఉన్నా, దగ్గర కూర్చుని గమనించే మనిషి లేకపోయినా మార్చే ప్రయత్నం చేయకూడదు. ఆరు గంటలు దాటిన టోర్నికెట్‌ని ఆసుపత్రి బయట వదులు చేయకూడదు. చచ్చిన కండలోంచి పొటాషియం, ఆమ్లం, మయోగ్లోబిన్ అనే కండ ప్రోటీన్ ఒక్కసారిగా గుండెకీ కిడ్నీలకీ చేరితే అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి అక్కడే పోతాడు.

వదులుగా కట్టిన టోర్నికెట్ అసలు లేనిదానికంటే హానికరం. అది సిరల్ని మూసి ధమనిని వదిలేస్తుంది. లోపలికి వచ్చే రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగిపోయే దారి మూసుకుపోయి గాయంలోంచి ఇంకా జోరుగా కారుతుంది. పాదంలో నాడి అందకుండా పోయేదాకా పుల్ల తిప్పాల్సిందే. విపరీతంగా నొప్పి పెడుతుంది. నొప్పి పెట్టడం లేదంటే సరిగా వేయలేదని అనుమానించాలి.

ఇది మనకి దూరం సంగతనుకోవడానికి లేదు. ములుగు జిల్లా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన ఆపరేషన్‌లో ఐఈడీలు పేలి జవాన్లు గాయపడ్డారు. ఆ అడవుల్లో ఆకులకీ కట్టెలకీ పోయిన గిరిజనులూ వీటి మీద కాలు వేసినవాళ్ళే. జవానుకైతే హెలికాప్టర్ రావచ్చు. ఊరివాళ్ళకి వచ్చేది మంచం, ఆ తర్వాత ట్రాక్టర్. కాబట్టి బాగ్దాద్ లెక్క కంటే ఉక్రెయిన్ లెక్కే మన ఏజెన్సీకి దగ్గర.

ఇక ఆపరేషన్. ధనుర్వాతం ఇంజెక్షన్, యాంటీబయాటిక్ చేరగానే పడాలి. యాంటీబయాటిక్ గాయపడ్డ మూడు గంటల్లోపు పడితే మంచి ఫలితం. మత్తుకి కెటమిన్ చాలు, రక్తపోటు పడిపోయిన మనిషికి అదే మేలు కూడా. మత్తు ఎక్కాక కట్లు విప్పి, కాలు మొత్తం, ముందూ వెనకా, సబ్బుతో బ్రష్ పెట్టి మామూలు నీళ్ళతో తోమాలి. ఈ తోమడం చిన్నపనిగా చూసి కింది సిబ్బందికి వదిలేయడం పొరపాటు. సగం మట్టి ఇక్కడే పోతుంది.

చర్మం బతికే గుణం ఎక్కువున్న కణజాలం. నలిగిన అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు తీస్తే చాలు. గుండ్రంగా పెద్ద ముక్క కోసేస్తే రేపు మూయడానికి చర్మం మిగలదు. కానీ గాయాన్ని కాలి పొడవునా పైకీ కిందికీ పెంచాలి, కీలు దగ్గర మాత్రం వంపుగా. చర్మం కింద కండరాన్ని చుట్టి ఉండే తెల్లటి పొర, ఫాసియా, దాన్ని చర్మం కోత కంటే పొడుగ్గా చీల్చాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చిన్న కోతలోంచి వేలు పెట్టి తడిమి బాగానే ఉందనుకుంటారు. కంటికి కనబడని కండరాన్ని శుభ్రం చేయలేం.

కండరం బతికుందా లేదా అన్నది నాలుగు గుర్తులతో చూస్తారు: రంగు, గట్టిదనం, పట్టకారుతో గిల్లితే ముడుచుకోవడం, కోస్తే నెత్తురు రావడం. నాలుగింటిలో రంగుని తక్కువగా నమ్మాలి. ఆపరేషన్ లైట్ కింద చచ్చిన కండ కూడా గంటసేపు ఎర్రగానే కనిపిస్తుంది. ఎక్కువగా నమ్మాల్సింది గిల్లితే ముడుచుకోవడాన్నీ, నెత్తురు రావడాన్నీ. టోర్నికెట్ బిగించి ఉంటే ఆ రెండూ చూడలేం, కాబట్టి పెద్ద రక్తనాళాలు పట్టుకున్నాక దాన్ని వదులు చేసే ఈ పని చేయాలి. అనుమానం వస్తే కోసేయాలా, ఉంచాలా? 48 గంటల్లో మళ్ళీ అదే సర్జన్ చూడగలిగే చోట అయితే ఉంచవచ్చు. మళ్ళీ ఎప్పుడు ఎవరు చూస్తారో తెలియని చోట తీసేయాలి.

ఎముక ముక్క కండకి అంటుకుని ఉంటే వదిలేయాలి, విడిగా తేలుతుంటే తీసేయాలి, అది ఎంత పెద్దదైనా సరే. తూటాలూ రేకు ముక్కలూ అన్నీ ఏరాల్సిన పని లేదు. దారిలో కనిపించినవి తీయాలి. కీలులో ఉన్నవీ, పెద్ద రక్తనాళం పక్కన ఉన్నవీ తీయాలి. మిగిలినవాటి కోసం మంచి కండని చీల్చుకుంటూ పోవడం సినిమాల్లో బాగుంటుంది. గుడ్డ, తోలు, మట్టి, గడ్డి మాత్రం ఒక్క పోగు కూడా మిగలకూడదు. లోహం పట్టి ఉంచే సూక్ష్మజీవుల కంటే యూనిఫాం పీలిక పట్టి ఉంచేవి ఎక్కువ.

కడగడానికి మామూలు సెలైన్. చిన్న గాయానికి మూడు లీటర్లు, ఓ మోస్తరుకి ఆరు, పెద్దదానికి తొమ్మిది అన్నది వాడుకలో ఉన్న లెక్క. సీసా ఎత్తులో వేలాడదీస్తే వచ్చే ధార చాలు. ఎముక విరిగి బయటపడ్డ గాయాల మీద 2015లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో ఒత్తిడి పెంచినందువల్ల లాభం కనబడలేదు, సబ్బు నీళ్ళు వాడిన గాయాలకి మళ్ళీ ఆపరేషన్ అవసరం ఎక్కువైంది. ఒక సంగతి మాత్రం: తొమ్మిది లీటర్లు పోశాం కదా అని కత్తికి పని తగ్గించుకోకూడదు. చచ్చిన కండని కడిగితే అది శుభ్రమైన చచ్చిన కండే.

తెగిన నరం కొసలు కనిపిస్తే ఒక రంగు దారంతో పక్క కండకి గుర్తుగా కట్టి వదలాలి, తర్వాత వెతుక్కోవడానికి. కీలు తెరుచుకుని ఉంటే లోపల కడిగి కీలు పొరని మూయాలి, చర్మాన్ని కాదు. బయటపడ్డ రక్తనాళాన్నీ కండతో కప్పాలి. కుట్టకూడదన్న నియమానికి ముఖం, తల చర్మం మినహాయింపు, అక్కడ రక్తప్రసరణ అంత బాగుంటుంది. మిగతాచోట్ల పొడి గాజుగుడ్డని విదిలించి వదులుగా పరిచి, పైన దళసరి దూదికట్టు వేయాలి. గాయంలోకి గుడ్డ బిగించి కూరితే అది బిరడా అవుతుంది, లోపలి రసి బయటికి రాదు. 48 గంటల్లో మళ్ళీ థియేటర్‌లో చూడాలనుకున్న గాయం తప్ప, కట్టు వేశాక అయిదో రోజు దాకా విప్పకూడదు. గాయం మూసేది ఆ రోజే. మధ్యలో జ్వరం పెరిగినా, దుర్వాసన వచ్చినా, నొప్పి ఎక్కువైనా వార్డులో కట్టు విప్పి చూడటం కాదు, మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కే తీసుకెళ్ళాలి. రోజూ పొద్దున్నే కట్టు విప్పి చూసే మన వార్డు రౌండ్ల అలవాటు ఈ గాయాలకి పనికిరాదు. విప్పిన ప్రతిసారీ పక్క మంచం మీది క్రిమి ఇక్కడికి చేరుతుంది. ఇరాక్‌లో అసినెటోబ్యాక్టర్, ఉక్రెయిన్‌లో ఏ మందుకీ లొంగని క్లెబ్సియెల్లా సైనికుల గాయాల్లోకి ఎక్కువగా చేరింది ఆసుపత్రుల్లోనే.

పెద్ద ధమని తెగితే లెక్క వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి పది గంటలు దాటాక గానీ సైనికుడు సర్జన్ దగ్గరికి చేరేవాడు కాదు. ధమనిని ముడివేసి ప్రాణం దక్కించుకోవడమే దారి. అప్పటి అమెరికన్ సైన్యంలోని 2,471 ధమని గాయాల పరిశీలనలో ముడివేసిన కాళ్ళూ చేతుల్లో దాదాపు సగం తీసేయాల్సి వచ్చింది. మోకాలి వెనుక ధమని అయితే నూటికి 70 పైనే. కొరియా యుద్ధంలో ధమనిని బాగుచేయడం మొదలుపెట్టాక అది 13 శాతానికి దిగింది. ఈ తేడాని కొత్త కుట్టు పద్ధతికే కట్టబెట్టడం సగం నిజం. రెండో సగం, మనిషిని తొందరగా చేర్చిన హెలికాప్టరే.

ముందు వరస ఆసుపత్రిలో ధమనిని పూర్తిగా బాగుచేయాల్సిన పని లేదు. షంట్ అనే ప్లాస్టిక్ గొట్టం చాలు. తెగిన చోటుకి పైనా కిందా ధమనిని పట్టుకుని, సన్నని బెలూన్ గొట్టం లోపలికి పోనిచ్చి గడ్డలు బయటికి లాగి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్ వదిలి, గొట్టం రెండు కొసలూ ధమనిలో పెట్టి పట్టు దారంతో బిగిస్తారు. పది పదిహేను నిమిషాల్లో పాదం వెచ్చబడుతుంది. అప్పుడు తాపీగా ఎముక నిలబెట్టవచ్చు, లేదా పెద్దాసుపత్రికి పంపవచ్చు. అక్కడ రెండో కాలి నుంచి సిర తీసి, కవాటాలు అడ్డురాకుండా తిరగేసి అతుకుతారు. అదే కాలి సిర ఎందుకు తీయరంటే, లోపలి సిర కూడా దెబ్బతిని ఉంటే రక్తం తిరిగిపోవడానికి మిగిలిన దారి అదొక్కటే. అతికిన సిర మీద కండ కప్పి తీరాలి. గాలికి వదిలేస్తే అది ఎండి, నాలుగైదు రోజులకి పగిలి, అర్ధరాత్రి మంచం మీదే రక్తం పోయి మనిషి చనిపోతాడు.

రక్తం తిరిగి వచ్చిన పిక్క వాస్తుంది. పిక్కలో కండరాలు నాలుగు గదుల్లో బిగుతుగా ఉంటాయి. వాచిన కండరానికి చోటు లేక లోపలి ఒత్తిడి పెరిగి, మళ్ళీ రక్తం ఆగిపోతుంది. పాదంలో నాడి అందుతుంది కాబట్టి పరవాలేదనుకుంటారు. నాడి పోయేదాకా ఆగితే ఎప్పుడో ఆలస్యమైపోయినట్టే. కాలివేలు కదిపితేనే ప్రాణం పోయేంత నొప్పి అన్నదే మొదటి గుర్తు, మత్తులో ఉన్న మనిషి ఆ మాటా చెప్పలేడు. అందుకే పిక్కకి రక్తం కొన్ని గంటలు ఆగి తిరిగి వచ్చిందంటే ఒత్తిడి కొలిచే దాకా కూడా ఆగకుండా ఫాసియోటమీ, అంటే ఆ గదుల్ని చుట్టిన ఫాసియా పొర చీల్చి తెరవడం, చేసేయాలి. బయటి వైపు ఒక కోత, లోపలి వైపు, మోకాలి కింది పెద్ద ఎముక టిబియా అంచుకి రెండు సెంటీమీటర్ల వెనుక ఇంకో కోత, రెండూ 15 నుంచి 20 సెంటీమీటర్లు. బయటి కోతలోంచి ముందు గది, పక్క గది. లోపలి కోతలోంచి వెనుక పై గది, వెనుక లోతు గది. ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువగా తెరవకుండా మిగిలిపోయినవి ముందు గది, వెనుక లోతు గది. బయటి కోతలో రెండు గదుల మధ్య గోడ ఎక్కడుందో చూసుకోకపోతే పక్క గదినే తెరిచి ముందు గది అనుకోవడం తేలిక. లోపలి కోతలో పిక్క లోపలి కండరం సోలియస్‌ని టిబియా నుంచి విడదీయకపోతే లోతు గది చేతికే రాదు. విమానం ఎక్కించి పంపాక ఆలస్యంగా ఫాసియోటమీ జరిగినవాళ్ళలో కాలు తీసేయాల్సి వచ్చింది 31 శాతం మందికి, ముందే జరిగినవాళ్ళలో 15 శాతానికి. నీట్‌గా కనబడాలని ఎనిమిది సెంటీమీటర్ల కోతతో సరిపెట్టే సర్జన్ ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

ఎముక గురించి క్లుప్తంగా చెప్తాను. తొడ ఎముక విరిగిన సైనికుల్లో నూటికి 80 మంది పోయేవారని, కాలుని కదలకుండా పట్టే చట్రం, థామస్ స్ప్లింట్, వచ్చాక అది 16కి దిగిందని మొదటి ప్రపంచ యుద్ధం గురించి తరచు రాస్తారు. 1917లో ఆరాస్ యుద్ధంలో వెయ్యి పైచిలుకు కేసుల్లో 15.6 శాతం అన్నది సర్జన్ హెన్రీ గ్రే ఇచ్చిన లెక్క. 80 అన్న మొదటి అంకె మీద చరిత్రకారులకి అనుమానాలున్నాయి. అంకె ఏదైనా, విరిగిన ఎముక కదలకుండా పట్టి ఉంచితేనే రక్తస్రావం, నొప్పి, చీము తగ్గుతాయన్నది మారలేదు. ఇవాళ ఆ పని ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ చేస్తుంది, అంటే ఎముకలో పిన్నులు దింపి బయట రాడ్డుకి బిగించే చట్రం. విరిగిన చోటుకి పైన రెండు, కింద రెండు, అయిదు మిల్లీమీటర్ల మందం పిన్నులు, ఒకటి విరిగిన చోటుకి దగ్గరగా, ఒకటి దూరంగా, గాయంలోంచి కాకుండా. టిబియాకైతే లోపలివైపు చర్మం కిందే తగిలే చదును మీద. వేగంగా డ్రిల్లు తిప్పితే వేడికి పిన్ను చుట్టూ ఎముక చచ్చి, మూడు వారాలకి వదులై చీము పడుతుంది. రాడ్డుకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంచాలి, కాలు వాస్తుంది. ఈ గాయంలో మొదటి రోజే లోపల ప్లేటు వేయడమంటే క్రిమికి దాక్కునే ఇల్లు కట్టివ్వడమే.

ఎముక మధ్యలో ముక్కే పోయిన కాలికి, గాయం మానాక, సైబీరియాలోని కుర్గాన్‌లో గవ్రిల్ ఇలిజారోవ్ రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ళ మీద పెంపొందించిన రింగుల పద్ధతి ఉంది. మంచి ఎముకని ఒకచోట కోసి, వారం ఆగి, రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున నాలుగు విడతల్లో జరుపుతారు. ఆరు సెంటీమీటర్లు పూడాలంటే జరపడానికే రెండు నెలలు, గట్టిపడటానికి అంతకు రెట్టింపు పైన. ఈ లెక్క సైనికుడికి మొదటే చెప్పాలి.

అక్కడే అసలు ప్రశ్న వస్తుంది: కాలు ఉంచాలా, తీయాలా? కాలు ఉంచడం గెలుపు, తీయడం ఓటమి అన్న భావన సర్జన్లలోనూ ఉంది, కుటుంబాల్లోనూ ఉంది. అమెరికాలో 324 మంది గాయపడ్డ సైనికుల మీద జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, కాలు తీసేసినవాళ్ళు కాలు ఉంచుకున్నవాళ్ళ కంటే బాగా నడుస్తున్నారు, యుద్ధ భయం వదలని మానసిక జబ్బు (పీటీఎస్‌డీ) కూడా వాళ్ళలో తక్కువ. అంతకు ముందు 2002లో పౌరుల మీద వచ్చిన పెద్ద పరిశోధనలో రెండేళ్ళకి ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే. ఈ తేడాకి కారణం కత్తి కాదు. అమెరికన్ సైనికుడికి ఖరీదైన కృత్రిమ కాలు, దానికి శిక్షణ, ఏళ్ళ తరబడి మరమ్మతు ప్రభుత్వమే చూస్తుంది. మన సైన్యానికి 1944 నుంచి పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది. కార్గిల్ యుద్ధ సమయంలో కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ బ్లేడుతో మారథాన్లు పరిగెత్తాడు. మందుపాతరకి కాలు పోయిన గిరిజనుడికి అందేది, అందితే, జైపూర్ కాలు. తేలిక, చవక, బురదలో నడవొచ్చు, గొంతుకూర్చోవచ్చు. ఎవరికి ఏ కాలు అందుతుందో చూడకుండా తీయాలా ఉంచాలా అన్నది తేల్చకూడదు.

ఇది తేల్చడానికి గాయానికి మార్కులు వేసే స్కోర్లున్నాయి. అన్నిటిలో నాకు నమ్మకమున్నది కోయంబత్తూరు గంగా ఆసుపత్రి వాళ్ళది. చర్మానికీ, ఎముకకీ, కండరం-నరాలకీ విడివిడిగా అయిదేసి మార్కులు, ఇతర జబ్బులకి రెండేసి. మొత్తం 14 లోపు అయితే కాలు ఉంచే ప్రయత్నం చేయొచ్చు, 17 గానీ అంతకు పైన గానీ అయితే తీయడమే మంచిది, మధ్యలో సర్జన్ అనుభవం. అరికాలికి స్పర్శ లేదు కాబట్టి కాలు తీసేయాలన్న పాత సూత్రం మాత్రం వదిలేయాలి. మొదటిరోజు స్పర్శ లేని కాళ్ళలో సగానికి పైగా రెండేళ్ళకి మామూలు స్పర్శ తిరిగి వచ్చింది. తీయాల్సి వస్తే మందుపాతర కాలికి ఒక ఉపాయం ఉంది. పేలుడు తాకిడి సోలియస్‌ని, ముందు, పక్క గదుల కండరాల్ని పాడు చేస్తుంది గానీ వాటి వెనకున్న పిక్క పైకండ, గాస్ట్రోక్నీమియస్, తరచు బాగానే మిగులుతుంది. పాడైనవన్నీ తీసేసి ఈ ఒక్క కండరంతో టిబియా కొసని కప్పితే మోకాలు దక్కుతుంది. మోకాలు దక్కిన మనిషి నడకకీ, దక్కని మనిషి నడకకీ పోలికే లేదు. కొసని అప్పుడే మూయకూడదు, అయిదో రోజే.

కుట్టొద్దన్న నా వాదనకి బలమైన ఎదురుదెబ్బ కూడా ఆ గంగా ఆసుపత్రి నుంచే వచ్చింది. ఎముక బయటపడ్డ పెద్ద గాయాల్లో కొన్నిటిని మొదటి రోజే కుట్టి మంచి ఫలితాలు చూపించారు. నేను ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు పెట్టుకున్న షరతులు చూడండి: మొత్తం స్కోరు పది దాటకూడదు, చర్మం పోయి ఉండకూడదు, పన్నెండు గంటల్లోపు శుభ్రం చేసి ఉండాలి, లాగకుండా అంచులు కలవాలి, ఎముక స్థిరంగా నిలవాలి. దానిమీద శుభ్రం చేసిన సర్జనే మర్నాడూ ఆ తర్వాతి రోజూ ఆ మంచం దగ్గరికి వస్తాడు. తూటా, పాతర గాయాల్లో ఈ షరతులన్నీ కలిసి రావడం అరుదు, ఆఖరిదైతే అసలే రాదు. సైనికుడు మూడు రోజుల్లో మూడు ఆసుపత్రులు మారతాడు. మొదటి సర్జన్ గాయంలో ఏం చూశాడో మూడో సర్జన్‌కి తెలియదు.

అందుకే కాగితం కంటే కట్టు మీద రాయడం మేలు. కాగితం తడుస్తుంది, పోతుంది, కట్టు మనిషితోనే వస్తుంది. సిమెంటు కట్టు మీద చెరగని మార్కర్‌తో గాయపడ్డ తేదీ, గంట. టోర్నికెట్ వేసిన, తీసిన సమయాలు. డెబ్రిడ్‌మెంట్ (చచ్చిన కండ తీసేసి శుభ్రం చేయడం) చేసిన తేదీ. షంట్ ఉంటే ఎక్కడ ఉందో. నాలుగు గదులూ తెరిచారా అన్నది. ఎముక విరిగిన తీరు ఒక చిన్న బొమ్మ. ఆఖర్న, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, గాయం మూయాల్సిన అయిదో రోజు తేదీ. దాని కింద 'అప్పటిదాకా విప్పవద్దు' అని తెలుగులో, హిందీలో రాస్తే డ్రెస్సింగ్ చేసే అబ్బాయికీ అర్థమవుతుంది.